నరం లేని చెవి

పోయినవారం మటలేనాని ఆసుపత్రి నాలుగో అంతస్తులో, మూసి ఉన్న ఒక తలుపు ముందు నిలబెట్టి వదిలేశాను. ఆ తలుపు వెనక ఏముందో చెప్పకుండా ఆపినందుకు మీలో కొందరు నన్ను ఉత్తరాల్లో కడిగేశారు. పడతాను. కానీ ఆ తలుపు ముందు నిలబడ్డ తల్లికి మీకంటే తొందరెక్కువ. కాబట్టి సాగదీయకుండా, కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి తీసుకెళ్తాను.

మటలేనా ఆక్లండ్‌లో సిటీ బస్సు నడుపుతుంది. కాపురం మాంగెరేలో, విమానాలు ఇళ్ల కప్పులు గీరుకుంటూ దిగే వీధిలో. భర్త సేమిసి విమానాశ్రయంలో సరుకు దింపుతాడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఫెటూకి రెండున్నరేళ్లు. పుట్టుచెవుడు. చెవికి తగిలించే మిషన్లు రెండు మార్చినా లాభం లేకపోయింది. ఇక మిగిలింది ఆపరేషనే. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలోకి సన్నటి తీగె దించి, శబ్దాన్ని తిన్నగా నరానికి అందిస్తారు. అయితే అందుకోవడానికి అక్కడ నరమంటూ ఉండాలి కదా! ఉందో లేదో చూడటానికి మూడు నెలల కిందట పిల్లకి మత్తిచ్చి ఎమ్మారై తీశారు. కుడిచెవికి నరం లేదు, ఎడమచెవికి ఉంది అని రిపోర్టు వచ్చింది. అందుకని ఎడమచెవికే ఆపరేషన్, మంగళవారం పొద్దున. అంటే ఇవాళే.

మూడు నెలలుగా మటలేనా మాత్రం ఒకటే పాట పాడుతోంది. నా పిల్లకి తెలిసే ఆ కాస్తా కుడిచెవితోనే తెలుస్తోంది అని. చెవుల డాక్టర్లున్న ఆ ఆసుపత్రిలో ఆ మాట చెవిన పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

తలుపు తెరుచుకుంది.

"రండమ్మా, రండి," అన్నాడు డాక్టర్ ప్రెస్కాట్.

ఆయన చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎదురు తిరగడం సులువు. ఈయన ఇరవై ఏళ్లుగా పిల్లల చెవులు బాగుచేస్తున్న మనిషి. గొంతు మెత్తన, చేతులు మెత్తన. ఎవరి మాటా మధ్యలో తుంచడు. అంతా విని, తల ఊపి, తను ముందే అనుకున్నది చేస్తాడు.

మటలేనా వెనకే ఆమె అత్తగారు ఎసెతా కూడా లోపలికొచ్చింది. చర్చికి వెళ్లేటప్పుడు కట్టుకునే తెల్లబట్టలు కట్టుకుని, డాక్టరు గారి కోసం తెల్లవారుజామునే వేయించిన తీపి బొండాల బుట్ట ఒళ్లో పెట్టుకుని మూల కుర్చీలో కూచుంది. పైన వార్డులో సేమిసి పిల్లని ఆడిస్తున్నాడు. ఆపరేషన్ కోసం పస్తుంచడంతో ఫెటూ ఆకలికి అతని చొక్కా గుండీలు నములుతోంది. ఎడమచెవి వెనక ఊదారంగు కలంతో బాణం గుర్తు గీసేశారు కూడా.

"మీకింకా ఏదో అనుమానం ఉందని నర్సు చెప్పింది," అన్నాడు డాక్టరు. "గంట టైముంది. అడగండి."

"అనుమానం కాదు డాక్టర్ గారూ, నాకు తెలిసింది చెబుతున్నా," అంది మటలేనా. "మా ఇంటి మీదుగా విమానాలు దిగుతాయి. పిల్ల ఎడమబుగ్గ మీద పడుకుంటే కుడిచెవి పైకుంటుంది. అప్పుడు పెద్ద విమానం వస్తే కనుబొమలు ముడుస్తుంది. ఒక్కోసారి లేచి కూచుంటుంది. అదే కుడిబుగ్గ మీద పడుకుంటే ఇల్లు కూలినా కదలదు."

"అదురు అమ్మా అది. విమానం దిగితే మంచం అదురుతుంది. ఆ అదురు పిల్ల ఒంటికి తెలుస్తుంది."

"అదిరే మంచం పిల్ల ఎటు పడుకున్నా అదురుతుంది కదండీ?"

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే మటలేనాకి ఒళ్లు మండింది. బస్సులో చిల్లర ఇవ్వకుండా దిగిపోయేవాళ్లు కూడా ఇలాగే నవ్వుతారు.

"మీలాంటి తల్లులు నాకు చాలామంది తెలుసు," అన్నాడు ఆయన. "పిల్లకి ఏదో కొంచెం వినిపిస్తోందని నమ్మాలనిపిస్తుంది. తప్పులేదు. కానీ ప్రేమ వేరు, ఫోటో వేరు. ఇలా రండి, మీకు చూపిస్తాను. చూస్తే మీకే మనసు కుదుటపడుతుంది."

కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పాడు. నల్లటి తెర మీద బూడిదరంగులో ఫెటూ తల అడ్డకోతగా కనిపించింది. తన బిడ్డ తల అలా చూడాల్సి వచ్చినా మటలేనా చూపు తిప్పుకోలేదు.

"ఇక్కడ అంచున తెల్లటి చుక్క చూశారా? అది చేపనూనె క్యాప్సూల్. మా ఎమ్మారై గదిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి పిల్లకీ కుడిచెవి వెనక ఆ మాత్ర టేపుతో అంటిస్తారు. నూనె ఫోటోలో తెల్లగా వెలుగుతుంది. కాబట్టి చుక్క ఎటుంటే అది కుడి. ఇప్పుడు చుక్క ఉన్నవైపు లోపలికి చూడండి. నరం ఉండాల్సిన కాలవ ఇదిగో, ఖాళీ. రెండోవైపు చూడండి. దారంలా పోతోందే, అదీ నరం."

మటలేనా చుక్కనే చూస్తోంది.

"ఆ చుక్క పక్కన అక్షరం ఉందే, అది ఎల్ కదా?"

"అవును."

"ఎల్ అంటే ఎడమ కదా?"

"గట్టివారే!" అని మెచ్చుకున్నాడు డాక్టరు. "అక్షరం వేసేది యంత్రం. పడుకోబెట్టిన తీరు దాంట్లో తప్పుగా కొడితే అక్షరాలు తారుమారవుతాయి. ఎక్కడో ఒకసారి అలా జరిగే ఈ మాత్ర పద్ధతి పెట్టారు. యంత్రం అబద్ధం చెప్పినా మాత్ర అబద్ధం చెప్పదు."

ఎమ్మారై అయిన రోజు మధ్యాహ్నం మటలేనా కళ్లముందుకొచ్చింది. పిల్లని చక్రాల మంచం మీద తెచ్చి ఒళ్లో పెట్టారు. జుట్టులో ఏదో జిగటగా, బఠాణీ గింజంత తగిలింది. టేపు. పట్టి లాగితే దాంతోపాటు ఇన్ని వెంట్రుకలు ఊడొచ్చాయి. మత్తు దిగీ దిగని పిల్ల కెవ్వుమంది. ఇదేంటని అడిగితే చేపనూనె మాత్ర, పారేయమ్మా అంది నర్సు. ఆ వెంట్రుకలు ఊడిన చోట ఎర్రగా కందిపోతే వారంపాటు అక్కడ దువ్వెన పెట్టనివ్వలేదు ఫెటూ.

"డాక్టర్ గారూ," అంది నెమ్మదిగా, "ఆ మాత్ర పీకింది నేను. ఎడమచెవి వెనక నుంచి పీకాను."

"అలా జరగదమ్మా."

"జరిగింది. ఈ చేత్తో పీకాను."

"పిల్ల మీకెదురుగా ఉన్నప్పుడు ఆమె కుడి మీకు ఎడమగా కనిపిస్తుంది. అద్దంలో చూసినట్టు. చాలామంది పొరపడతారు."

అప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది మటలేనాకి.

"పదకొండేళ్లుగా బస్సు నడుపుతున్నానండీ నేను! రోజుకి తొమ్మిది గంటలు అద్దాల్లో చూస్తూ బతుకుతున్నా. అద్దంలో ఏది కుడో ఏది ఎడమో నాకు తెలియకపోతే ఈ ఊళ్లో సగంమంది నా చక్రాల కింద ఉండేవాళ్లు!"

"మటలేనా!" మూలనుంచి అత్తగారు. "ఆ గొంతేంటి? డాక్టరు గారితో మాట్లాడే తీరేనా అది? కూచుని మాట్లాడు."

"కూచోను అత్తయ్యా. మూడు నెలలు కూచునే మాట్లాడా." మళ్లీ డాక్టరువైపు తిరిగింది. "ఆ రోజు ఎమ్మారై తీసింది మా చర్చి లోసా. కింద బేస్‌మెంటులోనే ఉంటుంది. పిలిపించండి. ఎటువైపు పెట్టిందో ఆమెనే అడుగుదాం."

ఎసెతా బుట్ట కిందపెట్టి లేచింది. ముఖంలో రంగు మారింది. "పాస్టరు గారి అమ్మాయినా? పాస్టరు గారి అమ్మాయిని పిలిచి నిలదీస్తావా? నీకేమైనా మతి పోయిందా?"

ఎసెతా భయం ఊరికే కాదు. వాళ్లు వెళ్లే, సమోవా దీవులవాళ్ల చర్చిలో మొదటి పళ్లెం పాస్టరు ఇంటివాళ్లకి వడ్డించాకే మిగతావాళ్లు ముద్ద ఎత్తుతారు. ఆయన పిల్లల ముందు గొంతు పెంచినవాళ్ల పేరు ఆదివారం మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరుగుతుంది. మటలేనాకి ఇవన్నీ తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పాటిస్తూనే ఉంది. ఇవాళ మాత్రం ఆ మర్యాదకీ తన బిడ్డ చెవికీ మధ్య ఏది ఎంచుకోవాలో ఆలోచించడానికి ఆమెకి క్షణం కూడా పట్టలేదు.

డాక్టరు ఫోన్ చేశాడు. ఈ గొడవ త్వరగా తెములుతుందని కాబోలు.

లోసా నీలం యూనిఫాంలో వచ్చింది. ఇరవయ్యారేళ్ల పిల్ల. ఎసెతా ముందునుంచి పోవాల్సి వచ్చి, పెద్దవాళ్ల ముందు నడిచేటప్పుడు వంగినట్టే నడుం వంచి నడిచి, గోడవార నిలబడింది. డాక్టరు విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. మాత్ర కుడివైపే పెట్టారా అని అడిగాడు.

లోసా నేలవైపు చూసింది. "మా పద్ధతి కుడివైపే పెట్టడమండీ."

"విన్నారుగా," అని డాక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు.

మటలేనా రెండంగల్లో వెళ్లి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"పద్ధతి ఎవడడిగాడు లోసా? ఆ రోజు నువ్వేం చేశావో చెప్పు."

లోసా తల ఎత్తలేదు. పెద్దవాళ్లు కోప్పడుతుంటే తలెత్తకూడదని ఆమెని పెంచారు. తలొంచుకున్న ఆ పిల్లని చూసి డాక్టరు, ఈమెకి చెప్పేదేమీ లేదు అనుకున్నాడు. మటలేనా అలా అనుకోలేదు. ఆ మెడ ఒంపు ఆమెకి తెలుసు. తనూ అలాగే పెరిగింది. నోట్లో మాట పెట్టుకుని మింగలేక నిలబడ్డ మెడ అది.

"ఆదివారం ఆదివారం నా కూతురు నీ ఒళ్లో కూచుంటుందే! నీ గొలుసు నోట్లో పెట్టుకుంటుందే! ఇంకో గంటలో దాని పుర్రె తొలిచి ఎడమచెవిలో తీగె దించుతారు. అక్కడ నరం లేకపోతే ఆ తీగె దేనికి పనికొస్తుంది, గోడలో దిగిన మేకు పనికొచ్చినంతే! అప్పుడేమంటారో తెలుసా? కొంతమందికి టైము పడుతుందమ్మా, ఓపిక పట్టు అంటారు. ఏడాది పోతుంది. రెండేళ్లు పోతాయి. ఆ తర్వాత పిల్ల పెద్దదైపోయింది, ఇక మాటలు పట్టుకోలేదు, మేమేం చెయ్యం అంటారు. అప్పుడు కూడా మీ పద్ధతి కుడివైపే అని చెబుతావా దానికి? చెబితే వినపడదు కూడా!"

"చాలు మటలేనా," అంటూ ఎసెతా చెయ్యి పట్టుకోబోయింది.

"ఎడమవైపే పెట్టానక్కా," అంది లోసా.

ఎసెతా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"కుడివైపంతా కొబ్బరినూనె అక్కా. చెవి వెనక, మెడ మీద, జుట్టులో. రెండుసార్లు తుడిచా. రెండుసార్లూ టేపు ఊడిపోయింది. లోపల మత్తు డాక్టరు తొందర పెడుతున్నాడు, తర్వాతి పిల్లాడు బయట ఏడుస్తున్నాడు. ఎడమవైపు పొడిగా ఉంది. అక్కడ అంటించేశా. కాగితం మీద రాద్దామనుకున్నా. రాయలేదు. రిపోర్టు చూసేది నేను కాదు కదా. ఇవాళ మీరు పిలిచేదాకా నాకా సంగతే గుర్తులేదు. ఒట్టు."

కొబ్బరినూనె ఎక్కణ్ణుంచి వచ్చిందో మటలేనాకి అడగకుండానే తెలిసింది. అత్తగారివైపు చూసింది. ఎసెతా హస్తవాసి మాంగెరే అంతటికీ తెలుసు. బెణికినా, పట్టేసినా ఆమె దగ్గర నూనె రాయించుకుని పోతారు. ఆ రోజు పొద్దున, కోడలు అప్పటికే కుడిచెవి కుడిచెవి అని పోరుతోంది కదా, దేవుడు కనికరిస్తాడేమో అని ప్రార్థన చేసి, ఆ ఒక్క చెవి మొదట్లోనే అరగంట మర్దన చేసింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడామె కుర్చీలో కూలబడి, తన చేతులు తనవి కానట్టు వాటినే చూసుకుంటోంది.

మటలేనా ఆమెనేమీ అనలేదు. నమ్మినా నమ్మకపోయినా, మూడు నెలల్లో తన మాట పట్టుకుని ఏదో ఒకటి చేసిన మనిషి ఆ ముసలామె ఒక్కతే. ఆ మాట తలుచుకుంటే కోపం ఇంకా పెరిగింది. కాకపోతే అది వేరేవైపు మళ్లింది.

డాక్టరు మళ్లీ కూచున్నాడు. రిపోర్టు తెరిచి అడుగుకి వెళ్లాడు. పైకే చదివాడు. "యంత్రం వేసిన కుడి ఎడమ అక్షరాలు తారుమారైనట్టు కనిపిస్తున్నాయి. క్యాప్సూల్ ఆధారంగా సరిచేయడమైనది."

"అంటే యంత్రం ఉన్నదున్నట్టే చెప్పింది," అంది మటలేనా. "మీరు దాన్ని దిద్దారు."

"రిపోర్టు చదివే డాక్టరు దిద్దారు. ఆయన ఇక్కడ ఉండరు. వేరే ఊళ్లో కూచుని చూస్తారు."

"దిద్దేముందు ఒక ఫోన్ చెయ్యలేదా? అమ్మా లోసా, ఆ రోజు మాత్ర ఎటు పెట్టావు అని?"

డాక్టరు రిపోర్టులో ఆ వాక్యమే మళ్లీ చదువుకున్నాడు.

"ఈ ముక్క మీరు ముందే చదివారా?"

"చదివాను."

"చదివి?"

"చాలా జాగ్రత్తగా చూశారే అనుకున్నాను," అన్నాడు ఆయన. ఆ ఒక్కమాట మాత్రం నిజాయితీగానే అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటాం మనం. ఆ సామెత కట్టినవాడు ఈ గదిలోకొచ్చి చూడాల్సింది. మూడు నెలలు ఊదింది మటలేనా. చెవులు బ్రహ్మాండంగా పనిచేసే నలుగురు పెద్దమనుషుల ముందు ఊదింది. వాళ్లకి వినపడలేదు. ఎందుకంటే చెప్పేది ఒక బస్సు డ్రైవరు. అదే మాట ఒక చేపనూనె మాత్ర చెబితే నమ్మారు!

"నన్ను క్షమించండి," అన్నాడు డాక్టరు.

"అది తర్వాత. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, తీరిగ్గా చదువుకుంటా. ఇప్పుడేం చేస్తారో చెప్పండి."

"ఇవాళ్టి ఆపరేషన్ ఆపేస్తాను. మళ్లీ ఎమ్మారై తీయించాలి. మత్తిచ్చి తియ్యాల్సిన పిల్లల వరస పెద్దది. ఫిబ్రవరిలో దొరకొచ్చు."

"ఇది అక్టోబరు."

"అవునమ్మా."

"తప్పు మీది, నాలుగు నెలలు నా కూతురివా?" టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి ముందుకి వంగింది. "పిల్ల పస్తుతో ఉంది. మత్తు డాక్టరు ఉన్నాడు. మీరున్నారు. ఆపరేషన్ గది మా పేరు మీదే ఉంది. మత్తెలాగూ ఇస్తారు కదా, ఇచ్చి ముందు ఫోటో తియ్యండి. తీసి చూడండి. నేను చెప్పింది అబద్ధమైతే ఎడమచెవికే చేసుకోండి, నోరెత్తను. నిజమైతే కుడిచెవికి చెయ్యండి. అంతేగానీ ఫిబ్రవరి అనే మాట నా దగ్గర ఎత్తకండి."

"ఎమ్మారై ఖాళీ లేదు."

"పదింటికి ఒకాయన మోకాలికి వస్తున్నాడు," అంది లోసా. ఈసారి తలెత్తే చెప్పింది. "ఆయన్ని నేను బతిమాలుకుంటా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. ఆ టైములో ఫెటూని చేద్దాం."

మోకాలాయన మంచివాడు. పిల్ల అనగానే, నా మోకాలు ముప్పయ్యేళ్లుగా నొప్పే, ఇంకో పూటకేం పోయింది అని పేపరు తీసుకుని కూచున్నాడట.

ఫెటూ మత్తులో పడుకున్నాక లోసా కుడిచెవి వెనక స్పిరిట్‌తో తుడిచింది. మాత్ర చేత్తో పట్టుకుని మటలేనావైపు తిరిగింది. "నువ్వు చూపించక్కా." మటలేనా పిల్ల కుడిచెవి మీద వేలు పెట్టింది. లోసా అంటించింది, గట్టిగా నొక్కింది. కాగితం మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసింది. డాక్టరు ప్రెస్కాట్ దాని కింద సంతకం పెట్టాడు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు.

అద్దం అవతల యంత్రం దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మటలేనా నిలబడే ఉంది. ఇప్పటిదాకా తనే కరెక్టని అరిచింది. ఒకవేళ కాకపోతే? ఎటుచూసినా నరమే లేకపోతే? ఆ భయం చెప్పుకునే మనిషి అక్కడ లేడు.

తెర మీదికి ఫోటోలు ఒక్కొక్కటే వచ్చాయి. డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని ముందుకి వంగాడు. చుక్క కనిపించింది. చుక్క పక్కన ఆర్ అక్షరం, కుడి. రెండూ ఒక్కమాటే చెబుతున్నాయి. ఆయన ఫోటోల్లో ఇంకా లోపలికి వెళ్లాడు. ఒక ఫోటో, ఇంకో ఫోటో. వేలితో తెరమీద ఒకచోట ఆగాడు.

"కుడివైపు ఉంది," అన్నాడు.

మటలేనా తెర దగ్గరికి జరిగింది.

"సన్నగా ఉంది. ఉండాల్సినంత లావు లేదు. కానీ ఉంది." వేలు రెండోవైపు జరిగింది. "ఎడమవైపు లేదు. అసలు లేదు."

లోసా ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. మటలేనా ఏడవలేదు. "సన్నగా ఉంటే పనిచేస్తుందా?" అని అడిగింది.

"చెయ్యొచ్చు. ఎంతవరకూ చేస్తుందో మాటివ్వలేను. విమానానికి కనుబొమలు ముడుస్తోందన్నారే, అది మంచి గుర్తు." ఆ మాట అనడానికి ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు. "చెయ్యదలుచుకుంటే ఇవాళే చెయ్యొచ్చు. పిల్ల మత్తులోనే ఉంది. కొత్తగా అంగీకారపత్రం కావాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరు సంతకం పెడితే చాలు."

నర్సు దూదితో ఫెటూ ఎడమచెవి వెనక బాణం తుడిచేసింది. ఊదారంగు మరక మాత్రం పూర్తిగా పోలేదు. కొత్త కాగితం బల్లమీదికొచ్చింది. మటలేనా కలం తీసుకుంది.

తలుపు తోసుకుని సేమిసి వచ్చాడు. పైకి వెళ్లిన ఎసెతా అతనికి జరిగినదంతా చెప్పినట్టుంది. విమానాల్లో సరుకు మోసే మనిషి, తలుపు నిండా ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పిల్లని లేపండి," అన్నాడు. "ఇంటికి తీసుకెళ్తా."

"సేమిసీ, నరం ఉంది! కుడివైపే ఉంది! నేను చెప్పినట్టే..."

"తలుపు అవతలి నుంచే విన్నా. సన్నగా ఉందన్నాడు కదా? పొద్దున లేదన్నాడు. ఇప్పుడు సన్నగా ఉందంటున్నాడు. రేపేమంటాడు?" డాక్టరువైపు చూడను కూడా చూడలేదు. "ఈ చేతుల్లో నా కూతుర్ని పెట్టను."

"ఇవాళ వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడో తెలుసా నీకు? ఈ పూట దీని కోసం నేనెంత..."

"తెలుసు. నువ్వే గెలిచావు. చాలు మటలేనా, పద."

"గెలవడానికి వచ్చానా నేను? దానికి వినపడాలని వచ్చా!"

సేమిసి బల్ల దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం నర్సు ఎడమచెవి కాగితం తెచ్చింది. నువ్వు డ్యూటీలో ఉన్నావు. నేను చదవలేదు. మా ఆవిడ కుడి అంటోంది, ఓసారి చూడండి అని కూడా అనలేదు. చూపించిన చోట సంతకం పెట్టేశా. నువ్వు ఇవాళ తలుపుకి అడ్డం నిలబడకపోతే, నా సంతకంతోనే దాని చెవి పోయేది. నా చేత్తోనే." ఆ చెయ్యి తెచ్చి కాగితం మీద పెట్టాడు. పెద్ద అరచెయ్యి. కాగితం సగానికి పైగా దాని కింద పడిపోయింది. "ఇంకో సంతకం ఈ ఇంట్లో ఎవరూ పెట్టరు."

"చెయ్యి తియ్యి."

"తియ్యను."

మత్తు డాక్టరు తలుపులోంచి తల లోపలికి పెట్టాడు. "ఇక ఆపలేను. లోపలికి తీసుకెళ్లాలా, లేపెయ్యాలా? ఇప్పుడే చెప్పాలి."

అందరూ మటలేనావైపు చూశారు. ఆమె భర్త కళ్లలోకి చూస్తూనే కాగితం అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

కాగితం చిరిగి సగమే వచ్చింది. సంతకం పెట్టాల్సిన సగం సేమిసి అరచేతి కిందే ఉండిపోయింది.